కడపలో అంబాసిడర్ బ్రేకుల పని: రాయచోటి రోడ్డు షెడ్డు ఎట్లుంది?

పాత అంబాసిడర్, మోరిస్ మైనర్ కార్ల బ్రేకులను ఈ చిన్న షెడ్డుకు నమ్మి ఇవ్వొచ్చు. రెండు విషయాల్లో మాత్రం దగ్గరుండి చూసుకోవాలి.

ఇక్కడ చక్రం ఊడదీయకముందే తప్పెక్కడుందో తేలుస్తారు. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే పైపుల్లో గాలి. రెండుసార్లు తొక్కితేనే పైకొస్తుంటే లైనర్‌కూ (బ్రేకు షూ మీది రాపిడి పట్టీ) డ్రమ్ముకూ (చక్రంతో పాటు తిరిగే గిన్నె) మధ్య సందు పెరిగింది. అదిమి పట్టినా మెల్లగా దిగిపోతూ, బయటెక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ను పైపుల్లోకి తోసేది) లోపలి రబ్బరు కప్పు పోయినట్టే.

అసలు పనితనం బ్రేకులు పట్టేసినప్పుడు కనిపిస్తుంది. కొంతదూరం పోయాక పట్టేసి, చల్లారాక వదిలేసే బండికి చాలాచోట్ల లైనర్ అరగదీసి పంపుతారు. అది మందు కాదు. ఇక్కడ పట్టిన చక్రాన్ని జాకీ మీద లేపి బ్లీడింగ్ నిపిల్ (పైపులోని గాలి, ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న మర) వదులు చేస్తారు. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం తిరిగిందా, ప్రెషర్ లోపలే ఆగిపోయింది. తిరగలేదా, చక్రం దగ్గరి సిలిండర్‌లో పిస్టన్ జామ్ అయ్యుండాలి, లేదా రిటర్న్ స్ప్రింగ్, వెనకైతే హ్యాండ్‌బ్రేకు కేబుల్ చూడాలి. ప్రెషర్ ఆగినట్టు తేలితే నిపిల్ బిగించి, మళ్లీ బ్రేకు తొక్కి, ఈసారి మాస్టర్ దగ్గరి పైపు వదులు చేస్తారు. చక్రం వదిలితే తప్పు మాస్టర్‌ది; వదలకపోతే రబ్బరు హోసు లోపల ఉబ్బి పూడుకుపోయి ఉంటుంది.

మాస్టర్‌ది అయితే ముందు పెడల్ ఆట (తొక్కగానే బ్రేకు అందుకునే ముందుండే ఖాళీ కదలిక) చూస్తారు. ఆట లేకుంటే కప్పు పూర్తిగా వెనక్కి రాక ట్యాంకులోకి పోయే చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది. వేడికి పెరిగిన ఫ్లూయిడ్ ట్యాంకులోకి పోలేక షూలను డ్రమ్ముకే నొక్కిపెడుతుంది. డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగిన కప్పులు ఉబ్బినా ఇదే కథ. ఇక్కడ స్పిరిట్‌తోనే కడుగుతారు, సంతోషం.

ముందు చక్రానికి రెండు సిలిండర్లు కాబట్టి రెండు షూలనూ విడివిడిగా అడ్జస్ట్ చేస్తారు: చక్రం ఆగేదాకా బిగించి, పెడల్ గట్టిగా తొక్కి షూలను కుదురుకోనిచ్చి, మళ్లీ చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి. ఈ అమరికలో బండి వెనక్కి దొర్లితే ముందు బ్రేకుల బలం బాగా తగ్గుతుంది. గువ్వలచెరువు ఘాట్‌లో ఎక్కుతూ ఆగితే హ్యాండ్‌బ్రేకు బిగువుగా ఉండాల్సిందే.

ఇక నచ్చనివి. డ్రమ్ముల దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదుతారు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవమని గట్టిగా చెప్పండి. రెండోది, మూత తీసిన సీసాలోని ఫ్లూయిడ్ వాడతారు. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక 140కే మరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు అది ఆవిరైతే పెడల్ నేలకంటుతుంది. సీలు తీయని డబ్బా మీరే కొనిపోండి. బ్లీడింగ్ (పైపుల్లో గాలి తీయడం) ఎడమ వెనక చక్రం నుంచి మొదలుపెట్టించండి, మాస్టర్‌కు అన్నిటికంటే దూరం అదే.