ఆర్గ్ మోడ్‌లో పని అంచనాలు: లెక్క పక్కా, "రోజు" దగ్గరే తిరకాసు

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌తో పాటు ఉచితంగా వచ్చే ఆర్గ్ మోడ్ మామూలు టెక్స్ట్ ఫైల్లోనే పనుల జాబితా నడిపిస్తుంది. ఏ పనికి ఎంతసేపు పడుతుందో రాసుకోవడానికి అందులో ఎఫర్ట్ అనే ప్రాపర్టీ (పనికి తగిలించే వివరం) ఉంది. సొంత పనుల లెక్కకు ఇది భేషైన ఏర్పాటు. డీఫాల్ట్ సెట్టింగులను నమ్ముకుంటే మాత్రం మొత్తాలు తేడా కొడతాయి.

పని పేరు రాసిన శీర్షిక మీద కర్సర్ ఉంచి కంట్రోల్-సీ, కంట్రోల్-ఎక్స్, చిన్న ఈ నొక్కితే అంచనా అడిగి, శీర్షిక కింద వివరాలు ఉంచే ప్రాపర్టీస్ డ్రాయర్‌లో అదే రాస్తుంది. ప్రతిసారీ టైపు చేయడం విసుగు కాబట్టి ఫైలు మొదట్లో ఒక ప్రాపర్టీ లైను పెట్టి, "ఎఫర్ట్ అండర్‌స్కోర్ ఆల్" పక్కన 0:10 0:30 1:00 2:00 4:00 అని ఖాళీలతో రాయండి (ఫైల్లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఆల్ మొత్తం పెద్ద అక్షరాల్లో). లైను మార్చాక దాని మీదే కంట్రోల్-సీ రెండుసార్లు నొక్కాలి. చాలామంది ఇది మరిచిపోయి, పాత విలువలే వస్తున్నాయని తల పట్టుకుంటారు. అన్ని ఫైళ్లకూ ఒకే జాబితా కావాలంటే ఆర్గ్-గ్లోబల్-ప్రాపర్టీస్ అనే సెట్టింగులో పెట్టుకోవచ్చు.

అసలు చిక్కు యూనిట్లతో. రెండు గంటలనుకుని ఉత్త 2 రాస్తే అది రెండు నిమిషాలే. 2:00 అనో 2హెచ్ అనో రాయాలి. 1డీ అంటే 24 గంటలు, ఆఫీసు రోజు ఎనిమిది గంటలు కాదు. మొత్తం 26 గంటలయితే తెర మీద "1డీ 2:00" అని కనిపిస్తుంది. దాన్ని ఒక పనిదినం, ఇంకో రెండు గంటలు అని చదువుకుంటే ప్రణాళిక మునిగినట్టే. ఆర్గ్-డ్యూరేషన్-ఫార్మాట్‌ను హెచ్:ఎంఎం (గంటలు:నిమిషాలు) చేస్తే గంటల్లోనే చూపిస్తుంది. రోజును 480 నిమిషాలు చేయాలంటే ఆర్గ్-డ్యూరేషన్-యూనిట్స్ మార్చి, ఆర్గ్-డ్యూరేషన్-సెట్-రీజెక్స్‌ప్స్ అనే ఫంక్షన్ నడపాలి. రెండోది వదిలేస్తే మార్పు సరిగా పట్టదు. తెలుగు అంకెలు వేస్తే వ్యవధిగా గుర్తించదు.

మొత్తాల కోసం, ఏ నిలువు వరసలు చూపాలో చెప్పే కాలమ్స్ లైనులో ఎఫర్ట్ తర్వాత ఫ్లవర్ బ్రాకెట్లలో కోలన్ పెట్టి, పక్కన క్లాక్‌సమ్ (క్లాక్‌తో కొలిచిన సమయం మొత్తం) చేర్చండి. కంట్రోల్-సీ, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-సీ నొక్కితే అంచనా, నిజంగా పట్టిన సమయం పక్కపక్కనే వస్తాయి. ఎఫర్ట్ గడిలో 3 నొక్కితే జాబితాలో మూడో విలువ పడుతుంది, చాలా హాయి. ఒక్క హెచ్చరిక: తల్లి శీర్షికకు మీరు ముందే 10:00 అని రాసి, పిల్లల మొత్తం 7:30 అయితే, ఈ వ్యూ తెరవగానే 10:00 చెరిగిపోయి 7:30 కూర్చుంటుంది. పై స్థాయి బడ్జెట్‌ను వేరే ప్రాపర్టీలో దాచుకోండి. తెలుగు శీర్షికలుంటే అక్షరాల వెడల్పుల వల్ల నిలువు వరసలు వంకరపోతాయి, అది భరించాల్సిందే.

పనికి పట్టే సమయం కొలిచే క్లాక్ మొదలుపెడితే కింద మోడ్ లైనులో 0:12/0:30 అని (గడిచింది/అంచనా) నడుస్తుంది, అంచనా దాటితే రంగు మారుతుంది. మోత కావాలంటే ఆర్గ్-క్లాక్-సౌండ్ మీరే పెట్టుకోవాలి. మధ్యలో అంచనా పెంచాలంటే డ్రాయర్‌లో చేత్తో దిద్దితే నడుస్తున్న క్లాక్‌కు తెలియదు. కంట్రోల్-సీ, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈ నొక్కి +0:10 ఇవ్వండి.

పనులను ఒకచోట చూపే అజెండాలో అండర్‌స్కోర్ నొక్కి అరగంటలోపు పనులు వడకట్టుకోవచ్చు. అంచనా లేని పనులను అది బాగా పెద్దవిగా లెక్కేస్తుంది కనుక అవి కనిపించవు. ఆర్గ్-అజెండా-సార్ట్-నోఎఫర్ట్-ఈజ్-హై ని నిల్ (అంటే ఆఫ్) చేస్తే బయటపడతాయి.

"తక్కువ-ఎక్కువ" అంచనాలకు కాలమ్స్ లైనులో ఈఎస్‌టీ+ అనే కూడిక కూడా ఉంది. అరరోజు నుంచి రెండు రోజులు పట్టే పది పనులను మామూలుగా కూడితే 5 నుంచి 20 రోజులు వస్తుంది. ఇది 10 నుంచి 15 అంటుంది, నమ్మదగిన మాట. కానీ 0.5-2 లాంటి విలువను ఎఫర్ట్‌లో రాయకండి, క్లాక్‌కు అది చెల్లని వ్యవధి. దానికి వేరే పేరుతో ప్రాపర్టీ పెట్టండి.