లండన్‌లో ఐదు నాటకాలు చూసి వచ్చాం: హాళ్లు, సీట్లు, పక్కన కూర్చున్నవాళ్లు

ఇంటర్వెల్ అయి పది నిమిషాలు కూడా కాలేదు, మా ముందు వరసలో ఒకాయన ఫోన్ తీశాడు. స్టేజీ మీద ఒక్క దీపం తప్ప అంతా చీకటి. తల్లి కొడుకుని ఇల్లు వదిలి వెళ్లొద్దని బతిమాలుతోంది. ఫోన్ వెలుగు ఆయన మొహం మీదా, మా అక్క కళ్లద్దాల మీదా పడింది. మెసేజ్ చదివాడు, తీరిగ్గా జవాబు కొట్టాడు, జేబులో పెట్టుకున్నాడు. అంతా కలిపి అరనిమిషం ఉంటుంది. అంతలో ఆ తల్లి ఏదో అంది, కొడుకు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఏమందో మా ఇద్దరికీ తెలియదు.

ఆరు రోజులున్నాం, ఐదు నాటకాలు చూశాం. వెళ్లేవాళ్లకి పనికొస్తుందని హాళ్ల గురించి, బస గురించి రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే ప్రేక్షకుల గురించే ఎక్కువ వస్తోంది. ఏ హాల్లో జనం ఎలా ఉంటారన్నది చాలావరకు ఆ హాలు వాళ్ల చేతిలోనే ఉందని నాకు ఈ ప్రయాణంలో గట్టిగా అనిపించింది.

ముందు బస సంగతి చెప్పేస్తాను. థేమ్స్ నదికి దక్షిణం వైపు, వాటర్లూ స్టేషన్ దాటాక ఒక చిన్న హోటల్. గది ఇరుకు. ఇద్దరం ఒకేసారి సూట్‌కేసులు తెరిస్తే అడుగు పెట్టే చోటుండదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. రాత్రి ఆటలు పదీ పదిన్నరకి వదులుతారు. అన్ని హాళ్ల జనం ఒక్కసారే ట్యూబ్, అంటే భూగర్భ రైలు, స్టేషన్ల మీద పడతారు. మేం మాత్రం వాటర్లూ బ్రిడ్జి మీదుగా చూసిన నాటకం గురించి వాదించుకుంటూ నడిచి వచ్చేసేవాళ్లం. పైగా మేం చూడాలనుకున్న హాళ్లలో నేషనల్ థియేటర్, గ్లోబ్ రెండూ నదికి ఇవతలే.

నేషనల్ థియేటర్ బయటి నుంచి చూస్తే ఉత్త కాంక్రీటు. సౌత్ బ్యాంక్‌లో ఈ భవనం 1976లో తెరిచారు. లోపల లిఫ్టులున్నాయి, కాళ్లు చాపుకునే జాగా ఉంది. పగలంతా టికెట్టు లేకపోయినా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మేం ఆలివియర్ అనే పెద్ద హాల్లో చూశాం. వెయ్యికి పైగా సీట్లు విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. వెనక వరసలో కూర్చున్నా ముందువాళ్ల తల అడ్డం రాలేదు. జనం కూడా బుద్ధిగా ఉన్నారు. సుఖంగా కూర్చుని, అన్నీ కనపడుతూ వినపడుతూ ఉంటే మనిషికి అటూ ఇటూ కదలాల్సిన పని ఏముంది?

నాటక హాళ్లన్నీ గుంపుగా ఉండే లండన్ నడిబొడ్డు వెస్ట్ ఎండ్. అక్కడి పాత హాళ్లలో ఈ సుఖం ఆశించకండి. బంగారు పూతలు, ఎర్ర ముఖమల్ సీట్లు, కప్పు నిండా బొమ్మలు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ అవి చాలావరకు నూరేళ్లు దాటిన కట్టడాలు. పై బాల్కనీకి మెట్లే గతి, అవీ నిటారుగా. అక్కకి మోకాళ్ల నొప్పి. నాలుగో మలుపు దగ్గర ఆగి, "ఇంకెన్ని మెట్లే?" అంది. నేను లెక్కపెట్టలేదు కానీ టికెట్టు కొనేటప్పుడే అడగాల్సిన మాట అది. తప్పు నాదే. మోకాళ్లు బాగాలేనివాళ్లు స్టాల్స్, అంటే కింది హాల్లో, వరస చివరి సీటు తీసుకోండి. డబ్బు ఎక్కువైనా సరే.

తగ్గింపు టికెట్లకి లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ బూత్ ఉంది. లండన్ థియేటర్ల సంఘమే దాన్ని నడుపుతుంది. 1980 నుంచి ఉందట. కిటికీలో కూర్చున్నావిడ మేం చూపించిన సీటుకి ముందు స్తంభం అడ్డొస్తుందని తనే చెప్పి, ఇంకో రెండు వరసలు వెనక్కి ఇచ్చింది. ఫోన్లో కొంటే ఆ మాట ఎవరు చెప్తారు? తీరికుంటే బూత్‌కే వెళ్లండి.

సెయింట్ మార్టిన్స్ థియేటర్‌లో ద మౌస్‌ట్రాప్ చూశాం. అగాథా క్రిస్టీ రాసిన హత్య కథ, 1952 నవంబరులో మొదలై ఇప్పటికీ ఆడుతున్న నాటకం. 1974లో ఈ హాలుకి మారింది. కరోనా వల్ల 2020 మార్చిలో ఆగి, 2021 మేలో మళ్లీ మొదలైంది. ఈ రోజుది ఎన్నో ప్రదర్శనో లోపల ఒక చెక్క బోర్డు మీద అంకెల్లో ఉంటుంది. దాని ముందు ఫోటోలకి క్యూ. నాటకం నాకు మామూలుగానే అనిపించింది. కానీ చివర్లో ఒక నటుడు ముందుకొచ్చి, హంతకుడెవరో బయట ఎవరికీ చెప్పకండి అని అడిగాడు. ఇన్నేళ్లుగా ఆట ఆటకీ అడుగుతున్నదే. హాలంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. నిజంగానే మెట్లు దిగేటప్పుడు కూడా ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మనిషి ఎదురుగా నిలబడి అడిగితే జనం వింటారు.

ఫోన్ వెలిగిన హాల్లో అలా అడిగినవాళ్లు లేరు. ఫోన్లు ఆపమని ఒక రికార్డు చేసిన గొంతు వినిపించింది కానీ జనం ఇంకా లోపలికి వస్తున్న గోలలో అది కలిసిపోయింది. ఇంటర్వెల్‌లో బార్ ఆఖరి బెల్ మోగేదాకా అమ్ముతూనే ఉంది. ఆడవాళ్ల టాయిలెట్లు సరిపోక, లైట్లు ఆరిపోయాక కూడా మనుషులు మా మోకాళ్లు దాటుకుంటూ వచ్చారు. ప్లాస్టిక్ గ్లాసు ఒకటి మెట్ల మీద దొర్లుకుంటూ కిందిదాకా పోయింది. ఆ టికెట్టు ఒక్కోటి 60 పౌండ్లు. ఫోన్ తీసినాయన్ని తిట్టుకున్నాను, ఇప్పటికీ నాకు కోపం పోలేదు. కానీ సినిమా చూస్తూ తిని తాగినట్టే ఇక్కడా చెయ్యండి అని ఆ హాలే ఆయనకి చెప్తోంది కదా.

ఈ గొడవ ఇంగ్లండ్‌లో ఎప్పటినుంచో ఉంది. 2005లో లండన్‌లో రిచర్డ్ గ్రిఫిత్స్ అనే నటుడు, ఒకావిడ ఫోన్ పదే పదే మోగుతుంటే నాటకం ఆపి ఆవిణ్ణి బయటికి వెళ్లమన్నాడు. 2023 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లో ఒక పాటల నాటకం ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఆగిపోయింది. ప్రేక్షకులు కొందరు నటితో పోటీపడి పాడుతుంటే సిబ్బంది వారించారు, వినలేదు, పోలీసులు రావాల్సి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1809లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాలలో టికెట్ల ధర పెంచారని జనం అరవై రాత్రులకు పైగా నాటకం వినపడనివ్వకుండా అల్లరి చేశారు. ధర తగ్గించేదాకా ఊరుకోలేదు. హాలు చీకటి చేసి అందరూ నోరు మూసుకుని చూడటమన్నది, కరెంటు దీపాల కాలానికి దగ్గర్లో వచ్చిన అలవాటు. కాబట్టి ప్రేక్షకులు చప్పుడు చేస్తే చాలు, తప్పు అనేవాళ్లతో నేను ఏకీభవించను.

గ్లోబ్‌కి వెళ్తే మీకే తెలుస్తుంది. షేక్‌స్పియర్ కాలం నాటి నాటకశాలకి నమూనా ఇది, 1997లో తెరిచారు. అసలుది 1613లో ఆట మధ్యలో పేల్చిన ఫిరంగి నుంచి నిప్పురవ్వ పడి తగలబడింది. ఇప్పటిదానికీ గడ్డి కప్పే, నడుమ మాత్రం ఆకాశమే. స్టేజీ చుట్టూ 700 మంది నిలబడి చూడొచ్చు. నాకు 10 పౌండ్లు పడింది. అక్క డబ్బు ఎక్కువ పెట్టి బెంచీ మీద, అద్దె కుషన్ వేసుకుని కూర్చుంది. నిలబడేచోట గొడుగు వెయ్యనివ్వరు, నేల మీద కూర్చోనివ్వరు. మొదటి అంకంలోనే వాన పట్టుకుంది. రెయిన్‌కోట్ల టోపీలు పైకి లాగిన చప్పుడు ఒక్కసారిగా లేచింది. స్టేజీ మీది నటుడు ఆగి, పైకి చూసి, మా వైపు తిరిగి జాలిగా తలూపాడు. అందరం గొల్లుమన్నాం. ఆ తర్వాత ఆయన తన సందేహాలన్నీ మమ్మల్నే అడిగాడు. ఒక కుర్రాడు "వద్దు" అని అరిచాడు కూడా. నటులకి మా మొహాలు కనపడుతున్నాయి, మాకు వాళ్ల మొహాలూ. మూడు గంటలు నిలబడ్డాను, బూట్లలో నీళ్లు. నా చుట్టుపక్కల ఒక్క ఫోన్ కూడా వెలగలేదు.

చివరి రోజు మధ్యాహ్నం రిలాక్స్‌డ్ పెర్ఫార్మెన్స్ ఒకటి దొరికింది. ఆటిజం ఉన్న పిల్లలు, కదలకుండా కూర్చోలేనివాళ్లు కూడా వచ్చేలా పెట్టే ఆట. హాలు పూర్తిగా చీకటి చెయ్యరు, చప్పుళ్లు తగ్గిస్తారు, ఎప్పుడైనా లేచి వెళ్లి రావచ్చు. మా పక్క వరసలో పదేళ్ల బాబు ప్రతి పాటకీ లేచి నిలబడి చేతులు ఆడించాడు. వాళ్లమ్మ మొదట్లో చుట్టూ చూస్తూ వాడి చొక్కా పట్టుకుని లాగుతూ ఉంది. మూడో పాటకి చెయ్యి వదిలేసి, వెనక్కి వాలి, తనూ నాటకం చూసింది. నాకు అస్సలు ఇబ్బంది అనిపించలేదు. అక్క నావైపు వంగి, "మొన్న ఫోనాయన చప్పుడే చెయ్యలేదు కదే, వాడి మీద ఎందుకంత కోపమొచ్చిందంటావ్?" అంది. ఈ బాబు నాటకంలోనే ఉన్నాడక్కా, ఆయన లేడు అన్నాను.

ఆ ఫోన్ రాత్రి గురించి ఒక్కటి మిగిలింది. ఆయన రెండోసారి ఫోన్ తీసినప్పుడు హాలు సిబ్బందిలో ఒకమ్మాయి, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, టార్చి నేలకి పెట్టి, వరస పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేత్తో సైగ చేసింది. ఆయన విసుక్కుని ఏదో అన్నాడు. ఆ అమ్మాయి మాట్లాడలేదు, కదల్లేదు, ఫోన్ జేబులోకి వెళ్లేదాకా అక్కడే ఉంది. ఆట అయ్యాక మెట్ల దగ్గర గుడ్ నైట్ చెప్తుంటే గొంతు ఇంకా వణుకుతోంది. థాంక్స్ చెప్పాను. ఇంటికొచ్చాక ఆ హాలు వాళ్లకి ఈమెయిల్ పెట్టాను, ముందు బార్ గురించి, ఆలస్యంగా లోపలికి వదిలిన జనం గురించి. తర్వాత ఆ అమ్మాయి గురించి. పేరు తెలియదు కాబట్టి తేదీ, మా వరస, సీటు నంబర్లు రాశాను.