ప్రెజర్ రెగ్యులేటర్ ఉన్న స్ప్రింక్లర్ హెడ్: వాడకంలో తెలిసిన సంగతులు

పచ్చికను తడపడానికి, లోపలే ప్రెజర్ రెగ్యులేటర్ (నీటి పీడనాన్ని అదుపులో ఉంచే భాగం) అమర్చిన స్ప్రింక్లర్ హెడ్‌లను కొంతకాలంగా వాడుతున్నాను. మామూలు హెడ్ కంటే ఖరీదు ఎక్కువే అయినా, పీడనం అధికంగా ఉండే లైనుకు ఇవి ఎంతో తగినవని నా అభిప్రాయం. నాజిల్ (నీరు చిమ్మే సన్నని మూతి) నుంచి వెలువడే ప్రవాహం పీడనపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది కనుక, పీడనం 4 రెట్లు అయినా నీరు 2 రెట్లే అవుతుంది. పైగా చినుకులు మరీ సన్నని తుంపరగా విడిపోయి, నేలను చేరకముందే గాలికి కొట్టుకుపోతాయి. ఈ హెడ్ నాజిల్ వద్ద పీడనాన్ని సుమారు 30 పీఎస్ఐ, అంటే దాదాపు 2 బార్ దగ్గర నిలిపి ఉంచడం వల్ల చినుకులు నిండుగా పడుతున్నాయి. లైను మొదట్లోని హెడ్‌కూ చివరి హెడ్‌కూ మధ్య తేడా కూడా బాగా తగ్గింది.

అయితే రెగ్యులేటర్ పీడనాన్ని తగ్గించగలదే గాని పెంచలేదు. వాల్వు మూసి ఉన్నప్పుడు గేజీ చూపే అంకెను నమ్మి కొనకూడదు. నీరు పారుతున్నప్పుడు పైపులోని ఘర్షణ వల్ల పీడనం పడిపోతుంది, ఎత్తుకు ఎక్కించే చోట ప్రతి 10 మీటర్లకు మరో 1 బార్ దాకా పోతుంది. సన్నని పైపుకు ఎక్కువ హెడ్‌లు బిగించినవారు ముందు లైనును విభజించుకోవడం మేలు. హెడ్ లోపలి జల్లెడను విప్పి కడగడం మాత్రం చాలా తేలిక.