పూడిక మొత్తం తీయాలా, కొంత వదలాలా?

తెలంగాణలో 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడికతీత అంటే ఒకే దృశ్యం గుర్తొస్తుంది: యంత్రాలు, ట్రాక్టర్ల వరుస, ఈ దరి నుంచి ఆ దరి దాకా ఒకే లోతున తవ్విన చెరువు. నీటి నిల్వ పెరుగుతుంది, ఒండ్రుమట్టి పొలాలకు చేరుతుంది. అది చిన్న లాభం కాదు. కానీ కప్పలకు కావలసింది లోతు కాదు, అంచు.

రెండో పద్ధతిలో కట్ట వైపే లోతు చేస్తారు. శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీళ్లు పలచగా పరుచుకునే వైపు, వాలును, కాస్త తుంగను, జమ్మును అలాగే ఉంచుతారు. తొలకరి వాన పడ్డ మర్నాడు ఆ అంచుకు వెళ్లి చూడండి. పాదం మునిగేటన్ని నీళ్లలో మగ బోదురు కప్పలు నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతుకు రెండు వైపులా నీలి తిత్తులు ఉబ్బించి అరుస్తుంటాయి. గుడ్లు పెట్టేది అక్కడే. తుంగ కాడలకు తూనీగలు విడిచిన కుబుసం అంటుకుని ఉంటుంది. నిటారు గట్టుకు రాళ్లు పరిచిన చోట ఇవి కనిపించడం అరుదు.

ఊరి సాగంతా ఒక్క చెరువు మీదే ఉంటే కట్ట దగ్గర లోతుగా తవ్వాల్సిందే. చిన్న కుంటలకైతే నా ఓటు రెండో పద్ధతికే. వేసవిలో ఎండిపోయే కుంటలో తోకకప్పలను తినే చేపలు నిలవవు. పని మాత్రం ఒక ఏడాది సగం, మరో ఏడాది సగం చేయాలి. ఎందుకంటే ఎండల్లో బోదురు కప్పలు మట్టిలోనే దాగి ఉంటాయి.