కావలిలో సర్వర్, చెన్నైలో నేను: జెల్లీఫిన్, టెయిల్‌స్కేల్ మూడేళ్ల వాడకం

మా తాత పద్యం పాడిన వీడియో ఒకటే ఉంది. అది కూడా అక్క పెళ్లి క్యాసెట్లో, విడిదింట్లో ఎవరో బతిమాలితే నాలుగు నిమిషాలు పాడింది. కావలి ట్రంకు రోడ్డులో ఒక స్టూడియో వాళ్లు ఆ క్యాసెట్లన్నీ డీవీడీలు చేసిచ్చారు. అక్క టెక్సస్‌లో, నేను చెన్నైలో, డీవీడీలు అమ్మ బీరువాలో. ముగ్గురం ఎక్కడివాళ్లం అక్కడే కూర్చుని చూడాలన్న కోరికతో మొదలైంది ఈ సర్వర్ గోల.

2023 సంక్రాంతి సెలవుల్లో పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి, 2 టీబీ హార్డ్ డిస్క్ తగిలించి జెల్లీఫిన్ పెట్టాను, మన దగ్గరున్న వీడియోలను టీవీకి, ఫోన్‌కు పంపే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఇంట్లో టీవీకి అరగంటలో బొమ్మ వచ్చింది. బయట నుంచి చూడటానికి మాత్రం పండగ సెలవులన్నీ పోయాయి. రౌటర్‌లో 8096 పోర్టు (జెల్లీఫిన్ వాడే తలుపు) తెరిచాను, రాలేదు. పోర్టు మార్చాను, రాలేదు. చివరికి రౌటర్ పేజీలో మా ఇంటి ఐపీ చిరునామా 100తో మొదలవడం చూసి విషయం అర్థమైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామాలు ఇంటర్నెట్ కంపెనీలు వాడే సీజీనాట్ అనే పద్ధతి కోసం పక్కన పెట్టినవి. అంటే ఊళ్లో చాలా ఇళ్లు కలిసి ఒకే బయటి చిరునామా వాడుకుంటున్నాయి. అపార్ట్‌మెంట్‌కు వచ్చిన కొరియర్ అబ్బాయికి ఫ్లాట్ నంబరు తెలియకపోతే గేటు దగ్గరే నిలబడిపోయినట్టు, బయట నుంచి వచ్చిన నా ఫోన్ కూడా ఇంటర్నెట్ కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతోంది. మన ఇంటి రౌటర్‌లో ఎన్ని తలుపులు తెరిచినా లాభం లేదు. స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) ఇస్తారా అని కంపెనీని అడిగితే, "ఆఫీసు కనెక్షన్ తీసుకోండి సార్" అన్నారు. నాలుగు నిమిషాల పద్యానికి ఆఫీసు కనెక్షనా!

టెయిల్‌స్కేల్ అప్పుడు పెట్టాను. ఎక్కడెక్కడో ఉన్న మన పరికరాలను ఒక ప్రైవేటు దారిలో కలిపే వీపీఎన్ యాప్ ఇది. సర్వర్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి వేసి రెండిట్లోనూ ఒకే ఖాతాతో లాగిన్ అయితే చాలు, రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. లోపల నడిచేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి. పోర్టు తెరవక్కర్లేదు కాబట్టి జెల్లీఫిన్ లాగిన్ పేజీ లోకమంతటికీ కనబడుతుందన్న టెన్షన్ లేదు. తమాషా ఏమిటంటే, ఇది ఇచ్చే చిరునామాలు కూడా ఆ 100.64 వరసలోవే. రెండు రోజులు ఏది ఎవరిదో తెలియక తికమకపడ్డాను.

వేగం సంగతి. ఇంట్లో ఫైబర్ ప్లాన్ రావడానికి, పోవడానికి 50 ఎంబీపీఎస్ చొప్పున ఇస్తుంది. 8 ఎంబీపీఎస్ ఉన్న 1080పీ వీడియో హాయిగా నడుస్తుంది. కానీ చెన్నైలో నేనుండే హాస్టల్ వైఫైలో మొదట్లో నిమిషానికోసారి ఆగేది. టెయిల్‌స్కేల్ పింగ్ కొట్టి చూస్తే కావలి నుంచి చెన్నైకి నేరుగా రాకుండా బెంగళూరు రిలే (నేరుగా దారి దొరకనప్పుడు మధ్యలో అందించే టెయిల్‌స్కేల్ సర్వర్) మీదుగా వస్తోంది. ఆ రిలే మాట కలపడానికే గానీ వీడియో మోయడానికి కాదు. ఇంటి రౌటర్‌లో ఐపీవీ6 (ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వగల కొత్త పద్ధతి) ఆన్ చేశాక ఫోన్ డేటాలో నేరుగా కలవడం మొదలైంది. హాస్టల్ వైఫైలో మాత్రం ఇప్పటికీ రోజును బట్టి ఉంటుంది. అందుకే సినిమా చూడాలంటే వైఫై ఆపేసి ఫోన్ డేటాతో చూస్తాను.

వేగం అంతా సరిగ్గా ఉన్నా పెళ్లి వీడియో మాత్రం మొరాయించింది. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2 అనే పాత వీడియో ఫార్మాట్. బ్రౌజర్లు దాన్ని నేరుగా ఆడించవు, సర్వరే అప్పటికప్పుడు మార్చి పంపాలి. ల్యాప్‌టాప్ ఫ్యాను రైస్ మిల్లులా మోగేది. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో అన్నిటినీ రాత్రుళ్లు బ్రౌజర్లు నేరుగా ఆడించే హెచ్.264 ఫార్మాట్‌లోకి మార్చాను. డీఇంటర్‌లేస్ (పాత వీడియోలో విడివిడి గీతలను కలిపే సెట్టింగు) పెట్టడం మరిచి మొదటి రెండు డిస్కులు చేసేశాను. తలంబ్రాలు పోస్తుంటే చేతులన్నీ దువ్వెన పళ్లలా చీలి కనిపించాయి. మళ్లీ చేశాను. దూరం నుంచి చూసే ఏర్పాటు కోసం ఎవరైనా నన్ను అడిగితే నెట్‌వర్క్ కంటే ముందు ఫైళ్ల సంగతి చూసుకోమంటాను.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ ఖాళీ అయింది. కరెంటు వచ్చినా అది దానంతటది లేవదు. ఫోన్‌లో అమ్మకు బటన్ ఎక్కడుందో చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత సెకండ్‌హ్యాండ్ మినీ పీసీ కొన్నాను. కరెంటు రాగానే ఆన్ అయ్యేలా దాని బయోస్ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్లకు అటూఇటూ, నెలకు 7 యూనిట్లు. రౌటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్.

ఇంత చేశాక కూడా అక్క "రేయ్, మళ్లీ రావట్లేదు" అనేది. నేను చూస్తే బాగానే ఉండేది. వారం తర్వాత తెలిసింది, పడుకునేముందు అమ్మ ప్లగ్గు తీసేస్తోందని. "రాత్రిపూట ఎవరు చూస్తారు నాయనా, లైటు మిణుకుమిణుకుమంటుంటే ఆపేశా" అంది. మనకు రాత్రి అయితే అక్కకు పగలని చెబితే, "అయితే అది పనికి పోకుండా ఇదా చేస్తోంది?" అని కొత్త అనుమానం.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. టెయిల్‌స్కేల్‌లో ప్రతి పరికరం తాళంచెవి మామూలుగా 180 రోజులకు కాలం చెల్లుతుంది. అది చదవలేదు. ఆరు నెలలకు సర్వర్ మాయం. మళ్లీ లాగిన్ చేయాలంటే దాని ముందు కూర్చోవాలి, నేనేమో చెన్నైలో. ఆ శనివారం కావలి రైలెక్కాను. అడ్మిన్ పేజీలో సర్వర్ ఒక్కదానికి ఎక్స్‌పైరీ ఆపేయడం పది సెకన్ల పని. పెట్టిన రోజే చేసుకోండి.

జెల్లీఫిన్ లాంటిదే ఇంకోటి, ప్లెక్స్, ఎందుకు కాదని స్నేహితులు అడుగుతారు. ప్లెక్స్ పెద్దవాళ్లకు తేలిక, అది ఒప్పుకోవాలి. వీపీఎన్ యాప్ గొడవ లేకుండా టీవీలో లాగిన్ అయితే చాలు. కానీ 2025 ఏప్రిల్ 29 నుంచి ఇంటి బయట చూడాలంటే డబ్బు కట్టాలి, జీవితకాలం పాస్ కూడా 120 డాలర్ల నుంచి 250కి పెంచారు. జెల్లీఫిన్‌కు పైసా లేదు. దానికి బదులు మన ఓపిక కడతాం. అక్క వాళ్ల పెద్ద టీవీలో టెయిల్‌స్కేల్ యాప్ లేకపోతే ఆండ్రాయిడ్ టీవీ పెట్టె కొని, మా బావకు వీడియో కాల్‌లో గంటన్నర చెప్పాల్సి వచ్చింది. బంధువులందరికీ ఇది పంచుదామనుకుంటే వద్దంటాను. ఇద్దరు ముగ్గురికైతే సరే.

ఇప్పుడు మిగిలిన చిరాకు ఒకటే. టెయిల్‌స్కేల్ ఆన్‌లో ఉంటే నా బ్యాంకు యాప్ వీపీఎన్ ఉందని తెరుచుకోదు. టీ కొట్టు దగ్గర దాన్ని ఆపి డబ్బులు పంపుతాను, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతాను. రాత్రి సర్వర్ రావట్లేదని అమ్మకు ఫోన్ చేస్తే, "నేను ముట్టుకోలేదురా, ఒట్టు" అంటుంది.