మూడు రాత్రులు, నాలుగు పైకప్పులు

హనుమకొండ లాడ్జిలో రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. టన్నున్నర ఏసీ గురగురమంటూనే ఉంది గానీ పక్క చల్లబడలేదు. కింద రిసెప్షన్‌లో కుర్రాణ్ని అడిగితే, "పై ఫ్లోరు గంతే సార్. స్లాబు పొద్దంత తాగిన ఎండను రాత్రంత కక్కుతది" అన్నాడు. మేం వచ్చిన పనికి ఇంతకంటే మంచి మొదటి పాఠం ఎవరు చెప్తారు!

పని ఏంటంటే, మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో రెండు గదులు కట్టించడం. పదో తరగతి బ్యాచ్ వాళ్లం డబ్బులు పోగేశాం. మా చిన్నాయిన కొడుకు సైట్ ఇంజినీరు. నక్షా గీయమంటే, "గీసుడు గంట పని అన్నా. ముందుగాల ఎండల ఓసారి తిరిగొద్దాం. ఏ కప్పు కింద మనిషి కూసోగలడో సూద్దాం" అన్నాడు. అందుకే ఏప్రిల్ మొదటి వారం ఎంచుకున్నాం. సరదాగా తిరగడానికైతే ఈ నెల అసలు వద్దు, డిసెంబరులో వెళ్లండి.

సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు దాదాపు 140 కిలోమీటర్లు. పొద్దున రైలెక్కితే రెండున్నర గంటలు. దిగాల్సింది హనుమకొండలో అయితే వరంగల్ దాకా పోకుండా కాజీపేటలోనే దిగొచ్చు. లాడ్జి సంగతికొస్తే దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు సమయానికి, మనుషులు మర్యాదస్తులు. తప్పంతా ముందు భాగానిదే. పడమటి ముఖానికి నిలువునా అద్దాలు బిగించారు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఆ అద్దంలోంచి ఎండ లోపలికి దూరి, బయటికి పోలేక అక్కడే కూర్చుంటుంది. రెండో రోజు అదే రేటుకి రెండో అంతస్తులో ఉత్తరం వైపు గది ఇచ్చారు. ఏసీ లేకుండానే పడుకున్నాం. ఎండాకాలం వెళ్లేవాళ్లు గది అడిగేటప్పుడు ఏసీ ఉందా అని కాదు, పైన ఇంకో అంతస్తు ఉందా అని అడగండి.

వేయిస్తంభాల గుడికి కావాలనే మిట్టమధ్యాహ్నం వెళ్లాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. చెప్పులు విడిచాక ప్రాంగణంలో పది అడుగులు పరుగే. మండపం నీడలోకి అడుగు పెట్టగానే అరికాలికి ప్రాణం లేచొచ్చింది. మందమైన రాయి వేడెక్కడానికి పూట పడుతుంది, పక్కలన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి గాలి ఆగదు. 2024లో బాగుచేసి తెరిచిన కల్యాణమండపం కూడా చూడండి. ఖిల్లా, భద్రకాళి చెరువు సాయంత్రం చూశాం, వాటి గురించి అందరూ రాశారు.

అసలు చూడాల్సింది మర్నాడు చూశాం. ములుగు దారిలో ఓ ఊరి బడి. పేరు రాయను, అక్కడి టీచరమ్మకు లేనిపోని తలనొప్పి. ఒకే ఆవరణలో పాత పెంకుల హాలు, దాని పక్కన వరుసగా ఆరు స్లాబు గదులు. ఒంటిపూట బడులు కాబట్టి పన్నెండున్నరకు పిల్లలు కంచాలు పట్టుకుని అన్నానికి బయల్దేరారు. ఇంటికి వెళ్లాల్సిన వాళ్లు కూడా కాసేపు పెంకుల హాల్లోనే చేరారు. "ఫుల్ బడి రోజుల్ల పొద్దుమీకితే తొమ్మిదో తరగతోళ్లు ఈ హాలు కోసం కొట్లాడుతరు సార్" అంది టీచరమ్మ. ఎత్తయిన కప్పు, పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, చుట్టూ వరండా ఉంది కాబట్టి గోడ మీద ఎండే పడదు. వానాకాలం మాత్రం నాలుగు చోట్ల బకెట్లు పెడతారట. కోతులు పెంకులు ఊడబీకుతాయి, సర్దే పనివాళ్లు ఇప్పుడు దొరకరు. పాతదంతా బంగారమని నేననను.

ఆ స్లాబుల మీదికెక్కాం. సున్నం మిగిలిన మేరకు రెండు గదులకే పూశారు. మిగతా నాలుగూ నల్లగా పాచి ఎండి ఉన్నాయి. తమ్ముడు చెప్పులు విప్పి నల్లవైపు నిలబడి అయిదు లెక్కపెట్టే లోపు తెల్లవైపు దూకాడు. తెల్లవైపు నిలబడి ఫోన్ మాట్లాడాడు కూడా. నా దగ్గరున్న చిన్న డిజిటల్ థర్మామీటరు నల్లకప్పు గదిలో 39 చూపితే, సున్నపు గదిలో 36 చూపింది. కప్పులు ఎండను తాగకుండా చేయించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 దాకా అమల్లో ఉంటుంది. ఈ బడికి మాత్రం అది రెండు డబ్బాల సున్నం రూపంలో, టీచరమ్మ జేబులోంచి వచ్చింది.

అంతకుముందు 2022లో సర్కారు బడులు బాగుచేసే మన ఊరు – మన బడి పథకం వచ్చింది. 26,065 బడులు, 7,289 కోట్లు, పన్నెండు రకాల పనులు. కరెంటు, నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీ, రంగులు, అన్నీ అవసరమైనవే. కప్పు వేడి తగ్గించడమనే పద్దు మాత్రం ఆ పన్నెండులో లేదు. గోడలకు బొమ్మలేసిన బడులు దారిలో చాలా కనిపించాయి, ముచ్చటగా ఉన్నాయి. రంగంతా చూసేవాళ్ల వైపే పూశారు, ఎండ చూసే వైపు పూయలేదు.

అదే బడి మీద సోలారు పలకలు కూడా ఉన్నాయి. ఎవరో దాత ఇచ్చినవి. బ్యాటరీలు పోయి ఏడాది దాటింది, ఒక పలక మీద కోతులు ఊగి చట్రం వంగింది. కిటికీలదీ అదే కథ. ఎదురెదురుగా మంచి కిటికీలున్నాయి, కోతుల భయానికి తలుపులన్నీ మూసే ఉంటాయి. లోపల చీకటి, దాంతో పట్టపగలు ట్యూబులైట్లు. ఇనుప జాలీ ఒక్కటి బిగిస్తే గాలి, వెలుతురు రెండూ తిరిగొస్తాయి. దానికి పద్దు ఎక్కడా దొరకలేదన్నారు.

తమ్ముడు బల్ల మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. పది గదుల బడిలో నలభై ఫ్యాన్లు మారిస్తే గంటకు 1.8 యూనిట్లు, ఆరు గంటల బడికి రోజుకు పది యూనిట్ల పైనే మిగులు. ఆ పది యూనిట్లు సోలారుతో పుట్టించాలంటే రెండున్నర కిలోవాట్ల పలకలు కావాలి. అందుకని ముందు ఫ్యాను, తర్వాత పలక. అయితే 2024 సెప్టెంబరు నుంచి సర్కారు బడులకు కరెంటు ఉచితం. బిల్లు భయంతో లైట్లు ఆర్పుకునే హెడ్మాస్టర్లకు అది పెద్ద ఊరట, కాదనను. కానీ మిగిల్చినా బడికి ఒక్క రూపాయి చేరదు కాబట్టి, ఫ్యాన్లు మార్చాలని పట్టుబట్టే మనిషీ ఉండడు.

జంగాలపల్లి క్రాస్ నుంచి రామప్పకు బస్సులు తక్కువ, ఆటోను పోనూ రానూ మాట్లాడుకోండి. చెరువు గట్టు దగ్గర దొరికిన కాటేజీ ఈ ప్రయాణంలో నాకు నచ్చిన బస. అన్నం ముందే చెప్పుకోవాలి, స్నానాల గది పాతది, వైఫై మాట దేవుడెరుగు. రాత్రి కరెంటు పోయింది. ఎదురెదురు కిటికీలు, చుట్టూ వరండా, వాలు కప్పు ఉండటంతో తెల్లవారే దాకా తెలివి రాలేదు. మెష్ చినిగిన ఒక మూల నుంచి దోమలు మాత్రం వచ్చాయి.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరంలో వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందని గైడు చెప్తుంటే తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నం గణపురం వైపు కోటగుళ్లు చూసి వస్తూ, కడుతున్న ఓ ఇంటి ముందు ఆటో ఆపించాడు. ఏఏసీ బ్లాకు అనే తేలికపాటి సిమెంటు ఇటుక విరిగిన ముక్క ఒకటి తీసి నీళ్ల తొట్టిలో వేశాడు. తేలింది! మేస్త్రి కూడా పని ఆపి చూశాడు. లోపలంతా గాలి బుడగలే కాబట్టి బరువుండదు, వేడినీ తొందరగా దాటనివ్వదు. అయితే బడికి అదే వాడదామంటే తమ్ముడు ఒప్పుకోలేదు. "పోరగాండ్లు బల్లలు గుద్దితే మూలలు రాలుతయన్నా." పక్కనే చెల్పూరులో బొగ్గుతో కరెంటు తీసే కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, బూడిదకు కొదవ లేదు. బట్టీలో కాల్చే పనిలేని బూడిద ఇటుకే ఖాయం చేశాం.

తిరుగు రైల్లో నక్షా తేలింది. గదులు తూర్పు పడమరలుగా పొడవు, కిటికీలు ఉత్తర దక్షిణాలకు, జాలీతో సహా. పడమటి గోడకు కిటికీ లేదు, వరండానే అడ్డం. మే రెండో వారంలో మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వస్తాడు, దక్షిణం వైపు చిన్న సజ్జ చాలు, దెబ్బంతా కప్పుకే. అందుకే స్లాబు మీద తెల్ల టైలు ముక్కలు పరిపించాలి. టైల్స్ షాపుల్లో విరిగినవి చవకగా ఇస్తారు, సున్నంలా ఏటేటా పూయక్కర్లేదు.

జనగామ దాటాక బ్యాచ్‌లో ఎక్కువ చందా ఇచ్చినవాడికి ఫోన్‌చేసి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"బాగనే ఉందిరా. గని సోలారైతే గేటు కాడ మా బాపు పేరు మీద బోర్డు పెడుదుము. కప్పు మీది టైలు ముక్కలకు పేరు యాడ రాస్తవు?"

తమ్ముడు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "వరండా స్తంభం మీద రాద్దాం అన్నా. పిల్లలు కూసునేది ఆడనే."

అవతల కాసేపు మాట లేదు. "ఎన్ని స్తంభాలు?" అనడిగాడు.