ఉచిత క్యాడ్ సాఫ్ట్‌వేర్లు: రైస్ మిల్లు పని చేసే షెడ్డు నుంచి చూస్తే

మిర్యాలగూడల మా నాయినకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఈడి రైస్ మిల్లులకు వస్తయి. ఆ మిల్లులకు హాపర్లు (వడ్లు పోసే గరాట్లు), చూట్లు (వడ్లు జారే దారులు), ఎలివేటర్ బకెట్లు, జల్లెడ ఫ్రేములు చేసుడు మా పని. ఇన్నేండ్లు షీటు మీద సుద్దతోటి గీసి గ్రైండర్‌తో కోసేటోళ్లు. ఇప్పుడు మిల్లోళ్లు ఫినిషింగ్ అడుగుతున్నరు. అందుకే కటింగ్ హైదరాబాద్ బాలానగర్ దిక్కు లేజర్ మిషన్ల మీద చేయిస్తున్నం. అక్కడోళ్లు ఫోన్ ఎత్తంగనే అడిగేది ఒక్కటే: "మేడమ్, డీఎక్స్ఎఫ్ ఉందా?" అంటే మిషన్ చదువుకునే గీతల ఫైలు.

డిప్లొమా మెకానికల్ చదివిన కాబట్టి ఆ ఫైలు పని నా మీద పడ్డది. కాలేజీల ఆటోక్యాడ్ (కంప్యూటర్ మీద డ్రాయింగ్ గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్) నేర్పిన్రు గని, దానికి ఏటేటా చందా కట్టేంత పని మాకు లేదు. పైసా కట్టనక్కర లేనివి ఒక్కొక్కటే పెట్టి చూసిన. నేను చూసింది బొమ్మ ఎంత అందంగ వస్తదని కాదు. షెడ్డు పనికి వాడుకోనిస్తదా, ఫైలు నా చేతుల ఉంటదా, లేజర్ మిషన్ తినే డీఎక్స్ఎఫ్ ఇస్తదా, ఈ మూడే.

ఆ లెక్కన చూస్తే నాకు బాగ నచ్చిన ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేరే ముందుగల పక్కకు పోయింది. నేర్చుకునేటోళ్లకు అంత సులువుగ అర్థమయ్యేది ఇంకోటి లేదు. మెనూలు శుభ్రంగ ఉంటయి, యూట్యూబ్‌ల పాఠాలకు కొదవ లేదు. గని దాని ఉచిత పర్సనల్ లైసెన్సు సొంత సరదా పనులకోసం ఇచ్చేది. దాని మీద సంపాదన ఏడాదికి వెయ్యి డాలర్ల లోపే ఉండాలె, మార్చుకునేటట్టు తెరిచి ఉంచుకునే డిజైన్లు 10 మించొద్దు. మిల్లోళ్లకు బిల్లు వేసే షెడ్డుకు అది కుదరదు. ఆన్‌షేప్ కూడ అంతే. బ్రౌజర్లనే నడుస్తది, పాత ల్యాప్‌టాప్ మీద కూడ బాగనే ఉంటది, గని ఉచిత ఖాతాల గీసిన ప్రతి డిజైన్ లోకమంతా చూడొచ్చు, వ్యాపారానికి వాడొద్దు. చదువుకునే పిల్లలైతే ఈ రెండిట్ల ఏదన్న ధైర్యంగ పట్టుకోవచ్చు. షెడ్డు పెట్టుకున్నోళ్లు వద్దు.

కంపెనీ ఊరికెనే ఇచ్చేది ఎన్నడన్న ఆపేయొచ్చు. డ్రాఫ్ట్‌సైట్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ అట్లనే 2019 చివర్ల ఆగిపోయింది. అప్పటిదాక దాని మీద చేయి తిరిగినోళ్లు ఎందరో కొత్తది వెతుక్కున్నరు. అందుకే నాకు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్లు) మీదికి మనసు పోయింది.

వాటిల్ల లిబ్రెక్యాడ్ తోటి మొదలువెట్టిన్రనుకో, రెండు దినాలల్ల షీటు మీద పని ఎల్లుతది. ఇది 2డీ మాత్రమే. చిన్న డౌన్‌లోడ్, నెట్ లేకపోయినా నడుస్తది, ఫైలు నేరుగ డీఎక్స్ఎఫ్‌లనే సేవ్ అయితది. ఆటోక్యాడ్ అలవాటున్నోళ్లకు కమాండ్లు టైపు చేసుకునే సౌకర్యం ఉంది. ఫ్లాంజి, బేస్ ప్లేటు, బోల్టు రంధ్రాల వరుస, ఇసొంటియన్నీ దీంట్ల హాయిగ అయిపోతయి. గీసే ముందర డ్రాయింగ్ సెట్టింగుల యూనిట్ మిల్లీమీటరు పెట్టుకోవాలె. లేకుంటే అవతల మిషన్ అంగుళాలనుకుంటే పీసు 25.4 రెట్లు అయి కూసుంటది.

ఇగ హాపర్ సంగతికొద్దాం. పైన 1200 మిల్లీమీటర్ల చదరం, కింద 300 చదరం, నిలువు ఎత్తు 800 అనుకోండి. పక్క ప్లేటు ఎత్తు 800 కాదు. ఒక్కో పక్క 450 లోపలికి జరుగుతది కాబట్టి ఏటవాలు 918 దాక వస్తది. మిల్లాయన వచ్చి "పైన 1200 ఎక్కువైంది, 1000 చేయండి" అంటే అది 873కు దిగుతది. లిబ్రెక్యాడ్‌ల అయితే నాలుగు ప్లేట్లు మళ్ల గీసుడే. ఫ్రీక్యాడ్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, 3డీ గీస్తది; దాంట్ల స్కెచ్‌లోకి పోయి 1200 చెరిపి 1000 కొడితే మిగతాదంతా అదే సర్దుకుంటది. మిల్లు పనిల కొలతలు ఖరారయ్యేటాళ్లకు ఎన్ని మార్లు మారతయో ఈ లైన్ల ఉన్నోళ్లకు చెప్పనక్కర లేదు. నేను ఫ్రీక్యాడ్‌కు ఎక్కువ మార్కులు వేసింది దీని కోసమే.

అట్లని అది సులువు అని చెప్తే అబద్ధమైతది. తెరవంగనే వర్క్‌బెంచీల (ఒక్కో రకం పనికి ఒక్కో పనిముట్ల సెట్టు) జాబితా చూసి గుండె జారుతది. కొత్తోళ్లు పార్ట్ డిజైన్, స్కెచర్, టెక్‌డ్రా ఈ మూడు తప్ప మిగతావాటి జోలికి పోవద్దు. స్కెచ్‌ల ప్రతి గీతకు కొలత గానీ కట్టుబాటు (నిలువు, సమాంతరం అసొంటిది) గానీ ఇయ్యాలె. అన్నీ కుదిరినంక గీతలు పచ్చగైతయి. పచ్చగ కాకముందే ముందుకు పోతే తర్వాత కొలత మార్చినప్పుడు బొమ్మ ఎటో వంకర పోతది. పాత వెర్షన్లల్ల ఇంకో తలనొప్పి ఉండేది: మొదట్ల ఏదన్న మారిస్తే తర్వాత పెట్టిన రంధ్రాలు, వంపులు వేరే అంచుకు అంటుకునేయి. 2024 నవంబర్‌ల వచ్చిన 1.0ల అది చాలావరకు తగ్గింది. కాబట్టి పాత పాఠాలు చూసి 0.18, 0.19 దించుకోకుండ్రి.

షీట్‌మెటల్ అనే వర్క్‌బెంచి దీంట్ల ముందే ఉండదు, టూల్స్ కింద అడ్డాన్ మేనేజర్ నుంచి వేసుకోవాలె. వంచిన పీసును విప్పి చదునుగ చేసిస్తది. అక్కడ కే ఫ్యాక్టర్ (వంపుల రేకు ఎంత పొడుగు పడుతదో లెక్కకట్టే అంకె) అడుగుతది. ఏఎన్ఎస్ఐ (అమెరికా ప్రమాణం) పద్ధతి పెట్టుకుంటే విలువ 0.5 లోపు, డీఐఎన్ (జర్మనీ ప్రమాణం) అయితే 1 లోపు. బెండింగ్ చేసేటాయనను అడిగి వేయుడే మంచిది, ఆయన మిషన్, ఆయన డై. చదరం నుంచి గుండ్రానికి మారే చూట్ పీసులకు మాత్రం దీన్ని నమ్ముకోలేం. అక్కడ మా నాయిన పద్ధతే పనిచేస్తది: పీసును త్రికోణాలుగ విడగొట్టి, ఒక్కో అంచు అసలు పొడుగు తీసి, కొన నుంచి కొనకు చాపాలు కొట్టుకుంట పోవుడు. అదే లిబ్రెక్యాడ్‌ల సర్కిళ్లు వేసి నేను చేస్తున్న. తెర మీద చూసి నాయిన అన్నడు, "బిడ్డా, గిది నేను నేల మీద చేసేదే గద! సుద్ద ఖర్చు తప్పిందంతే."

లేజర్‌కు పంపే ముందర ఫైలుల కొలతల గీతలు, పేర్లు తీసేయాలె. బయటి అంచు యాడ తెగకుండ మూసుకొని ఉండాలె. ఒక గీత మీద ఇంకో గీత ఉంటే మిషన్ రెండుసార్లు కోస్తది, దానికీ బిల్లు పడ్తది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఇది మీరు చూసుకోవాల్సిందే.

మిల్లు యంత్రాల కంపెనీలు పంపే డ్రాయింగులు ఎక్కువగ డీడబ్ల్యూజీల (ఆటోక్యాడ్ సొంత ఫైలు రకం) వస్తయి. లిబ్రెక్యాడ్ కొన్నిట్ని తెరుస్తది, కొన్నిట్ని తెరవదు. ఫ్రీక్యాడ్‌కు విడిగ ఒక కన్వర్టర్ వేసుకోవాలె. నేను ఆ తిప్పలు పడకుండ పంపినోళ్లకే ఫోన్ చేసి "సార్, డీఎక్స్ఎఫ్‌ల సేవ్ చేసి మళ్ల పంపుండ్రి" అంట. ఆటోక్యాడ్ ఉన్నోళ్లకు అది నిమిషం పని.